తప్పు పైకి, మెప్పు కిందికి

(సతీశ్ ధవన్ స్మృతిలో చేసిన ఉపన్యాసానికి ముద్రిత పాఠం)

2022 జూన్‌తో ముగిసిన ఏడాదిలో ఇన్ఫోసిస్‌ను తమంతట తాము వదిలి వెళ్లినవారు 28.4 శాతం. అదే ఏడాది సెప్టెంబరు నాటికి టీసీఎస్‌లో ఆ లెక్క 21.5 శాతానికి చేరింది. హైదరాబాద్ ఐటీ కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఆ రోజుల్లో ఒకటే ముచ్చట: ఎవరు పేపర్లు వేశారు, ఎవరికి ఎంత హైక్ వచ్చింది, ఎవరి చేతిలో ఎన్ని ఆఫర్ లెటర్లున్నాయి. మేనేజర్ల సమావేశాల్లో వినిపించిన మాట వేరు. ఈ తరానికి ఓపిక లేదు, విశ్వాసం లేదు, నాలుగు రూపాయలు ఎక్కువిస్తే గోడ దూకేస్తారు అని.

రెండేళ్లు తిరగలేదు. 2024 మార్చి నాటికి ఇన్ఫోసిస్‌లో ఆ శాతం 12.6కు, టీసీఎస్‌లో 12.5కు దిగింది. అవే కంపెనీలు, అదే వయసు కుర్రాళ్లు. రెండేళ్లలో ఒక తరం మొత్తానికి ఎక్కడినుంచి ఓపిక పుట్టుకొచ్చింది? ఎక్కడినుంచీ రాలేదు. ప్రాజెక్టులు తగ్గాయి, బయట ఉద్యోగాలు ఎండిపోయాయి. ఆ ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్ ఉద్యోగుల సంఖ్య 13,249, ఇన్ఫోసిస్ ఉద్యోగుల సంఖ్య 25,994 తగ్గింది. వెళ్లడానికి చోటు లేక లోపలున్నవాళ్లు లోపలే ఉండిపోయారు. అలా ఉండిపోయినవాళ్లను చూసి ‘మనవాళ్లు నిలిచారు’ అని ఏ సంస్థా సంబరపడకూడదు.

మనుషులను పుట్టిన సంవత్సరాన్ని బట్టి మూటలు కట్టడం ఇప్పుడు పెద్ద వ్యాపారం. 1981, 1996 మధ్య పుడితే మిలీనియల్స్, 1997 నుంచి పుడితే జెన్ జడ్. ఒక్కో మూటకు ఒక్కో స్వభావం, ఒక్కో శిక్షణ తరగతి, ఒక్కో కన్సల్టెంటు. ఈ హద్దులకు ప్రచారం తెచ్చిన అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటరే 2023లో, ఇకమీదట ఆ పేర్లను ఆచితూచి వాడతామని ప్రకటించింది. అంతకుముందు, 2020లో, అక్కడి నేషనల్ అకాడమీస్ నియమించిన నిపుణుల సంఘం ఇదే విషయాన్ని కూలంకషంగా పరిశీలించింది. ఆ పరిశీలన కోరింది అమెరికా సైన్యానికి చెందిన పరిశోధన సంస్థ. తరాలను బట్టి ఉద్యోగుల స్వభావం మారిపోతుందనడానికి గట్టి ఆధారాలు లేవని సంఘం తేల్చింది. తరాల తేడా అనుకుంటున్నది చాలావరకు వయసు వల్ల, కాలం వల్ల వచ్చే తేడా. ఇరవై మూడేళ్లప్పుడు ఎవరికైనా తొందర ఉంటుంది. 1960ల్లో ఇంజినీరింగ్ చదివి బయటికొచ్చిన కుర్రాళ్లకూ ఉంది.

జీతం ఊసెత్తకుండా ఈ విషయం మాట్లాడితే అది మోసమే అవుతుంది. 2010 ప్రాంతంలో పెద్ద ఐటీ కంపెనీలు కొత్త ఇంజినీరుకు ఏడాదికి మూడు, మూడుంపావు లక్షలు ఇచ్చేవి. దశాబ్దం దాటాక కూడా చాలాచోట్ల అది మూడున్నర లక్షల దగ్గరే తచ్చాడింది. ఈలోగా హైదరాబాద్ కొండాపూర్‌లో హాస్టల్ అద్దె పెరిగింది, ఊళ్లో నాన్న ఫీజు కోసం చేసిన అప్పు మీద వడ్డీ పెరిగింది. అలాంటి కుర్రాడు ఎక్కువ జీతం కోసం వెళితే అతన్ని విశ్వాసం లేనివాడనడం అన్యాయం. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ పిట్స్‌బర్గ్ పరిసరాల్లో సుమారు 200 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను కదిలించి, వాళ్లు చెప్పినదాన్ని 1959లో పుస్తకంగా తెచ్చారు. ఉద్యోగంలో తమను బాధపెట్టిన సంగతులు చెప్పమంటే వాళ్లు కంపెనీ విధానాలు, పైవాడి తీరు, జీతం ప్రస్తావించారు. సంతోషపెట్టినవి చెప్పమంటే సాధించిన పని, దొరికిన గుర్తింపు, చేతికి వచ్చిన బాధ్యత గురించి చెప్పారు. చాలని జీతం మనిషిని బయటికి తోస్తుంది. చాలినంత జీతం ఇచ్చినా, ఆ మనిషి మనసు పెట్టి పనిచేయడానికి ఇంకేదో కావాలి. ఆ ఇంకేదో ఏమిటో, మన కళ్లముందే, మన తీరంలోనే, ఒక పెద్దమనిషి చేసి చూపించారు.

ఆ పెద్దమనిషి, సతీశ్ ధవన్, 1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో పుట్టారు. లాహోర్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివారు, ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ. చేశారు, ఆపైన మెకానికల్ ఇంజినీరింగ్ చేశారు. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో, తర్వాత కాల్టెక్‌లో చదివి 1951లో డాక్టరేట్ తీసుకుని, ఆ ఏడాదే బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరారు. 1962లో, నలభై రెండేళ్లు నిండకముందో నిండగానో, ఆ సంస్థకు డైరెక్టర్ అయ్యారు. 1981 దాకా ఆ కుర్చీలోనే ఉన్నారు. 1972 నుంచి 1984 దాకా ఇస్రో అధ్యక్షులు కూడా ఆయనే. తెలుగువాళ్లకు ఆయన పేరు శ్రీహరికోట ద్వారా తెలుసు. అక్కడి రాకెట్ కేంద్రానికి 2002లో ఆయన పేరు పెట్టారు.

బెంగళూరులో తొలినాళ్లలో ఆయన దగ్గర పరిశోధన చేసిన విద్యార్థుల్లో రొద్దం నరసింహ ఒకరు. సాఫీగా సాగే గాలి ప్రవాహం ఎక్కడ, ఎలా అల్లకల్లోలంగా మారుతుందన్న ప్రశ్న మీద గురుశిష్యులిద్దరూ కలిసి పనిచేశారు. 1958లో ‘జర్నల్ ఆఫ్ ఫ్లూయిడ్ మెకానిక్స్’లో ఆ వ్యాసం ఇద్దరి పేర్లతో అచ్చయింది. అప్పటికి నరసింహకు సుమారు పాతికేళ్లు. ఆయన కాల్టెక్ వెళ్లి, ధవన్‌కు గురువైన హాన్స్ లీప్‌మన్ దగ్గరే డాక్టరేట్ చేసి, 1962లో తిరిగి బెంగళూరే వచ్చారు. తర్వాతి కాలంలో నేషనల్ ఏరోనాటికల్ లేబొరేటరీకి డైరెక్టరయ్యారు. తెలివైన విద్యార్థిని తన లేబొరేటరీలో కట్టిపడేసుకోవడం ఏ ప్రొఫెసర్‌కైనా తేలిక. తనకు చదువు చెప్పిన చోటికే అతన్ని పంపి, తిరిగొచ్చేసరికి చేయదగ్గ పని ఇక్కడ సిద్ధంగా ఉంచడం పెద్ద మనసున్నవాళ్లే చేయగలరు.

మాధవ్ గాడ్గిల్ సంగతి కూడా అలాంటిదే. హార్వర్డ్‌లో పర్యావరణ శాస్త్రం చదివి భార్య సులోచనతో కలిసి దేశానికి తిరిగొచ్చిన ఆ యువకుడికి 1973లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చోటు దొరికింది. అప్పటికి అక్కడ ఆ శాస్త్రానికి ఓ విభాగమే లేదు. విమానాలు, లోహాలు, విద్యుత్తు చదువుకునే చోట అడవులు, పక్షులు, పశువుల మేత గురించి పరిశోధించేవాడికి ఏం పని అని ధవన్ అనుకోలేదు. అప్పుడే మొదలైన సైద్ధాంతిక అధ్యయన కేంద్రంలో కూర్చోబెట్టారు. సులోచన గాడ్గిల్ కూడా అక్కడే చేరి రుతుపవనాల మీద పనిచేశారు. పదేళ్లు గడిచాక, 1983లో, అదే ప్రాంగణంలో పర్యావరణ శాస్త్రాల కేంద్రం వెలిసింది. కొత్తవాళ్లను ఉన్న ఖాళీల్లో ఇరికించకుండా, వాళ్లు తెచ్చిన విద్యను బట్టి ఖాళీ సృష్టించే పద్ధతి ఇది.

1971 డిసెంబరు 30న అంతరిక్ష కార్యక్రమ సారథి విక్రమ్ సారాభాయ్ హఠాత్తుగా మరణించేనాటికి ధవన్ అమెరికాలో ఉన్నారు. అంతరిక్ష కార్యక్రమం చేపట్టమని ఇందిరాగాంధీ కోరితే ఆయన రెండు షరతులు పెట్టారు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్‌గా కొనసాగుతాను, ఇస్రో ప్రధాన కార్యాలయం బెంగళూరులో ఉండాలి. ఇందిర ఒప్పుకున్నారు. ఆయన చేతికి వచ్చింది నిండా కుర్రాళ్లున్న సంస్థ. ఉపగ్రహాన్ని అంతకుముందెన్నడూ చూడనివాళ్లు, యు.ఆర్. రావు నాయకత్వంలో బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడ షెడ్లలో మూడేళ్లలోపే 360 కిలోల ఆర్యభట్టను తయారుచేశారు. 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్ దాన్ని మోసుకెళ్లింది. ఇక సొంత రాకెట్ కావాలి.

ఆ రాకెట్ పేరు ఎస్ఎల్‌వీ-3. నాలుగు అంచెలు, సుమారు 22 మీటర్ల ఎత్తు, 17 టన్నుల బరువు. ప్రాజెక్టు పగ్గాలు ఏపీజే అబ్దుల్ కలాం చేతికిచ్చారు. విదేశీ డిగ్రీ లేదు, డాక్టరేట్ లేదు. రామేశ్వరం నుంచి వచ్చి మద్రాసులో ఏరోనాటికల్ ఇంజినీరింగ్ చదివిన మనిషి.

1979 ఆగస్టు 10 ఉదయం. శ్రీహరికోటలో కౌంట్‌డౌన్ చివరి క్షణాల్లో ఉండగా కంప్యూటర్ ప్రయోగాన్ని ఆపేసింది. రెండో అంచె నియంత్రణ వ్యవస్థలో ఏదో లీకవుతోందని దాని లెక్క. కలాం వెనకాల నిపుణులు నిలబడి ఉన్నారు. లెక్కలు చూశాం, లీకైనా సరిపడా ఇంధనం ఉంది, వెళ్లవచ్చు అన్నారు. నిర్ణయం కలాంది. కంప్యూటర్‌ను పక్కనపెట్టి చేత్తో నడిపే పద్ధతిలో రాకెట్‌ను వదిలారు. మొదటి అంచె చక్కగా పనిచేసింది. రెండో అంచెలో అదుపు తప్పింది. 317 సెకన్లకు అంతా అయిపోయింది. పదేళ్ల శ్రమ తీరానికి 560 కిలోమీటర్ల అవతల బంగాళాఖాతంలో పడింది. కారణం తర్వాత తేలింది: ఒక వాల్వ్ దుమ్ము చేరి మూసుకోకుండా బిగుసుకుపోవడంతో నైట్రిక్ ఆమ్లం కారిపోయింది.

ఇప్పుడు ఆ రోజు పరిస్థితిని కాస్త దగ్గరగా చూడాలి. యంత్రం వద్దంది, మనిషి వెళ్లమన్నాడు. అంటే తప్పు ఎవరిదో వేలెత్తి చూపడానికి ఒక పేరు సిద్ధంగా ఉంది. బయట విలేకరులు కాచుకుని ఉన్నారు. ప్రజల సొమ్ము సముద్రంలో పోశారని రాయడానికి కలాలు పట్టుకుని ఉన్నారు. ఆ స్థితిలో ఏ సంస్థలోనైనా మామూలుగా జరిగేది మనకు తెలుసు. పై అధికారి గంభీరంగా ‘విచారణ జరుగుతుంది, బాధ్యులపై చర్యలుంటాయి’ అంటాడు. ప్రాజెక్టు మేనేజరు తలవంచుకుని వెనక వరుసలో నిలబడతాడు. సాయంత్రానికల్లా జట్టులో ప్రతి కుర్రాడూ తన మెయిళ్లు తిరగేసి, తన మీదికి రాకుండా ఏ కాగితం దాచుకోవాలో చూసుకుంటాడు. ఆ క్షణం నుంచి ఆ జట్టులో ఎవరూ సాహసం చేయరు.

ధవన్ కలాంను తోడు తీసుకుని విలేకరుల ముందుకు వెళ్లారు. మాట్లాడింది మాత్రం తాను. బాధ్యత తనదన్నారు. జట్టు చాలా కష్టపడిందని, వాళ్లకు ఇంకా సాంకేతిక సాయం కావలసి ఉందని, ఏడాది తిరిగేలోగా ఇదే జట్టు విజయం సాధిస్తుందని చెప్పారు. కలాంను వేలెత్తి చూపలేదు.

ఇంకో సంగతి ఉంది. కౌంట్‌డౌన్ రోజుల్లో సరిగా నిద్రలేని కలాం వైఫల్యం తర్వాత తన గదికి వెళ్లి పడుకున్నారు. మధ్యాహ్నం దాటాక భుజం మీద చేయి పడితే లేచి చూశారు. మంచం పక్కన విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం డైరెక్టర్ బ్రహ్మ ప్రకాశ్ కూర్చుని ఉన్నారు. భోజనానికి వెళ్దామా అని అడగడానికి వచ్చారు. తన కంటే వయసులో, హోదాలో ఎంతో పెద్దవారు. కలాం తన ఆత్మకథలో ఈ ఘట్టాన్ని ప్రత్యేకంగా రాసుకున్నారంటే, అది ఆయన మీద ఎంత ముద్ర వేసిందో అర్థం చేసుకోవచ్చు. ఓడిపోయిన రోజున పక్కన కూర్చున్న పెద్దను ఎవరూ వదిలి వెళ్లరు.

మర్నాడే సమీక్ష మొదలైంది. డెబ్బై మందికి పైగా శాస్త్రవేత్తలు ఆ వైఫల్యాన్ని కూర్చుని విప్పారు. కలాం తన బాధ్యతను దాచుకోలేదు. ధవన్ బయట కలాంను కాపాడారే కానీ, లోపల తప్పును కాపాడలేదు. ఈ రెండింటికీ తేడా తెలియకే మన ఆఫీసులు పాడవుతున్నాయి. కొన్నిచోట్ల కుర్రాణ్ని నలుగురిలో నిలబెట్టి కడిగేసి, తప్పు ఎందుకు జరిగిందో మాత్రం ఎవరూ వెతకరు. ఇంకొన్నిచోట్ల ‘పోనీలే’ అని వెన్ను తట్టి, తప్పు అసలు లేనట్టే చాప కిందికి నెట్టేస్తారు. ధవన్ కాలంలో ఇస్రోలో వేళ్లూనుకున్న సమీక్ష పద్ధతిలో ప్రశ్న అడగడానికి హోదా అక్కర్లేదు. నిన్నగాక మొన్న చేరిన ఇంజినీరు ప్రాజెక్టు డైరెక్టర్ లెక్కను నిలదీయవచ్చు. నిలదీసినందుకు అతని మీద ఎవరూ కక్ష పెట్టుకోకూడదు.

1980 జూలై 18, ఉదయం 8 గంటల 3 నిమిషాలు. ఎస్ఎల్‌వీ-3 రెండోసారి లేచింది. 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. జట్టులోని కుర్రాళ్లు కలాంను భుజాలకెత్తుకుని ఊరేగించారు. విలేకరుల సమావేశానికి సమయమైంది. ధవన్ కలాంను పిలిచి, ఈ రోజు నువ్వు మాట్లాడు అన్నారు. తాను ముందుకు రాలేదు.

ఈ కథను కలాం రాష్ట్రపతి అయ్యాక కూడా దేశవిదేశాల్లో ఎన్నోచోట్ల చెప్పారు. నాయకత్వం గురించి ఎవరు అడిగినా ఇదే చెప్పేవారు. మేనేజ్‌మెంట్ తరగతుల్లో ఇప్పుడిది నీతికథలా వినిపిస్తోంది. కానీ దీన్ని నీతికథలా వింటే అసలు సంగతి జారిపోతుంది. ఆ రెండు విలేకరుల సమావేశాల మధ్య పదకొండు నెలలున్నాయి. ఆ పదకొండు నెలలూ అదే ప్రాజెక్టు, అదే నాయకుడు కొనసాగారు. తప్పు చేసి నేర్చుకున్నవాళ్ల చేతికే రెండో అవకాశం ఇచ్చారు. వాళ్లను తీసేసి కొత్తవాళ్లను తెచ్చి ఉంటే ఆ వాల్వ్ నేర్పిన పాఠం ఎవరికి తెలిసేది?

ధవన్‌లోని మరో మంచి గుణం గురించి తక్కువగా మాట్లాడుకుంటారు. విజయం సాధించిన మనిషిని వదులుకోవడం. 1982లో రక్షణ పరిశోధనవాళ్లు కలాంను హైదరాబాద్‌కు, తమ క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌కు అడిగారు. ఇస్రోకు ఆయన అవసరం ఎంతో ఉన్న సమయం. అయినా ధవన్ ఒప్పుకున్నారు. కలాం కంచన్‌బాగ్‌లోని ఆ ప్రయోగశాలకు వచ్చేసరికి అక్కడి శాస్త్రవేత్తలు నీరసపడి ఉన్నారు. అంతకుముందు చేపట్టిన ‘డెవిల్’ క్షిపణి ప్రాజెక్టు 1980లో ఆగిపోయింది. సంవత్సరాల శ్రమ అటకెక్కితే ఎవరికైనా ఉత్సాహం ఎక్కడుంటుంది? కలాం చేసిన మొదటి పనుల్లో ఒకటి, చిన్నా పెద్దా తేడా లేకుండా అందరూ నోరువిప్పి మాట్లాడే ఒక కమిటీ వేయడం. 1983 జూలైలో సమగ్ర క్షిపణి కార్యక్రమం మొదలైంది. ఐదు క్షిపణులకు ఐదుగురు ప్రాజెక్టు డైరెక్టర్లను పెట్టి, పని వాళ్లకు అప్పగించారు. 1988 ఫిబ్రవరి 25న పృథ్వి శ్రీహరికోట నుంచే ఎగిరింది. 1989లో అగ్ని ప్రయోగం రెండుసార్లు ఆగిపోయి, పత్రికల్లో కార్టూన్లు, వెక్కిరింతలు వస్తే కలాం తన జట్టును వెనకేసుకొచ్చారు. మే 22న అగ్ని చాందీపూర్ నుంచి లేచింది. శ్రీహరికోటలో ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నది హైదరాబాద్‌లో ఇంకో తరానికి అందింది. ధవన్ కలాంను పట్టుకుని కూర్చుని ఉంటే ఇది జరిగేది కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, వస్తుంది కూడా. అది ప్రభుత్వ ఉద్యోగం, పింఛను ఉంది, క్వార్టర్లు ఉన్నాయి, పైగా రాకెట్లు. కుర్రాళ్లు నిలవక ఏం చేస్తారు అని. సగం నిజం. 2000ల మధ్యలో ఐటీ జీతాలు ఇంజినీర్లను లాగేస్తుంటే ఇస్రోకు కూడా మంచి కుర్రాళ్లు దొరకడం, నిలవడం కష్టమైంది. 2007లో తిరువనంతపురంలో అంతరిక్ష శాస్త్ర, సాంకేతిక సంస్థ ఐఐఎస్‌టీని స్థాపించడానికి అదీ ఒక కారణం. ధవన్ పద్ధతి జీతానికి బదులు కాదు. కానీ మిగతా సగం కూడా నిజమే. పింఛను, క్వార్టర్లు ఉన్న ప్రభుత్వ శాఖలు దేశంలో వందలున్నాయి. వాటిలో కుర్రాళ్లు హాజరు పట్టీలో మిగిలారు కానీ, పనిలో మిగల్లేదు. సంతకం పెట్టి కుర్చీలో కూర్చోవడం నిలవడం కాదు కదా.

నలభై ఏళ్ల తర్వాత అదే సంస్థలో ఏం జరిగిందో చూడండి. 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 ల్యాండర్ చంద్రుడి దగ్గరికి వెళ్లి సంబంధం తెంచుకుంది. దేశమంతా టీవీల ముందు కూర్చుని చూసింది. ఆ ప్రయోగంలో పనిచేసినవారిలో ఎందరో చంద్రయాన్-3లోనూ పనిచేశారు. ఈసారి, ఏది సరిగా పనిచేస్తుందన్న లెక్కతో మొదలుపెట్టకుండా, ఏది ఎక్కడ చెడిపోవచ్చో ముందే ఊహించి ల్యాండర్‌ను తయారుచేశామని అప్పటి ఇస్రో అధ్యక్షుడు ఎస్. సోమనాథ్ చెప్పారు. 2023 ఆగస్టు 23 సాయంత్రం అది దిగింది. సోమనాథ్ ప్రాజెక్టు డైరెక్టర్ పి. వీరముత్తువేల్‌ను, అసోసియేట్ ప్రాజెక్టు డైరెక్టర్ కల్పన కాళహస్తిని మైకు దగ్గరికి పిలిచారు. చంద్రయాన్-2 అనుభవం తర్వాత మళ్లీ వాహనాన్ని కట్టడం మొదలుపెట్టిన రోజు నుంచి తమకు అదే ఊపిరి అయిందని కల్పన అన్నారు. 1980లో శ్రీహరికోటలో జరిగినదానికి ఇది కొనసాగింపు. ఒక మనిషి వేసిన బాట సంస్థకు అలవాటైంది.

ప్రైవేటు రంగంలో కూడా ఆధారం ఉంది. 2000ల చివర్లో గూగుల్ తన ఉద్యోగుల సమాచారాన్ని గణాంక నిపుణుల చేతికిచ్చి, మేనేజర్ల వల్ల ఉపయోగం ఉందో లేదో తేల్చమంది. ఆ పనికి ‘ప్రాజెక్ట్ ఆక్సిజన్’ అని పేరు. మంచి మేనేజర్లకు ఉన్న ఎనిమిది గుణాలను వాళ్లు వరసగా పేర్చారు. అన్నిటికన్నా ముందున్నది పక్కనుండి నేర్పడం. సాంకేతిక పరిజ్ఞానం చిట్టచివర ఉంది. మన దగ్గర నడిచేది దీనికి తలకిందులు. అందరికన్నా బాగా కోడ్ రాసే ఐదేళ్ల అనుభవమున్న అమ్మాయినో అబ్బాయినో ఒక సోమవారం టీమ్ లీడ్ చేసేస్తారు. మనుషులతో ఎలా మెలగాలో ఒక్కరోజు కూడా నేర్పరు. పైనుంచి క్లయింటు గడువు, కింద పదిమంది కొత్తవాళ్లు, మధ్యలో నలిగేది ఆ ఇరవై ఏడేళ్ల మనిషి. కొత్తవాళ్లు ఆ లీడ్‌ను చూసి కంపెనీని తిట్టుకుని వెళ్లిపోతారు. వాళ్ల వెనకే లీడ్ కూడా పేపర్లు వేస్తాడు.

తర్వాత సంస్థలు చేసే పని ఇంకా బాధాకరం. నోటీసు పీరియడ్‌ను తొంభై రోజులకు పెంచుతాయి. బాండ్లు రాయించుకుంటాయి. కొన్ని ప్రైవేటు కాలేజీల్లో, చిన్నచిన్న కంపెనీల్లో ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసే పద్ధతి ఇంకా పోలేదు. ఎం.టెక్ చదివి పాఠాలు చెప్పుకునే యువకుడు వేరే ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చినా, తన పదో తరగతి మార్కుల మెమో కోసం ప్రిన్సిపాల్ గది బయట చేతులు కట్టుకుని నిలబడాలి. ఇది సిగ్గుచేటు. కాగితాలతో కట్టేసిన మనిషి తరగతి గదిలో ఏ మనసుతో పాఠం చెబుతాడు? ఆ పిల్లలకు ఏం ఉత్సాహం అందిస్తాడు?

యువతుల విషయం వేరే చెప్పాలి. వాళ్లు వెళ్లిపోయినప్పుడు ‘పెళ్లయింది, పిల్లలు పుట్టారు’ అని రాసేసి ఫైలు మూస్తారు. 2017లో సవరించిన ప్రసూతి చట్టం 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ కేంద్రం తప్పనిసరి చేసింది. తమ ఆఫీసులో ఆ గది ఎక్కడుందో చెప్పగల మేనేజర్లు ఎందరు? సెలవు నుంచి తిరిగొచ్చిన అమ్మకు చిన్న పని, ప్రాధాన్యం లేని పని అప్పగించి, రేటింగ్ తగ్గించి, ఆమె రాజీనామా చేశాక ఆశ్చర్యపోవడంలో అర్థం లేదు.

అప్రైజల్ గదిని ఒక్కసారి చూస్తే ఈ మొత్తం సమస్య అందులోనే కనిపిస్తుంది. ఏడాది మొత్తం మీద అరగంట. మేనేజరు ల్యాప్‌టాప్‌లో ఒక వంపుగీత ఉంది. పదిమందిలో ఇద్దరికే మంచి రేటింగ్, ఒకరికి తప్పనిసరిగా తక్కువ రేటింగ్ ఇవ్వాలని అది చెబుతుంది. మార్చిలో రాత్రిళ్లు మేలుకుని ప్రాజెక్టును గట్టెక్కించిన అమ్మాయికి ‘బాగా చేశావు, కానీ ఈసారి బడ్జెట్ లేదు’ అన్న మాట వినిపిస్తుంది. క్లయింటు ముందు ఆ పని చూపించింది వేరే ఎవరో. ఆమె పేరు ఆ స్లైడ్ల మీద లేదు. అదే ఏడాది జరిగిన ఒక పొరపాటు కింద మాత్రం ఆమె పేరు స్పష్టంగా ఉంది. ఆమె ఆ గదిలోంచి బయటికొచ్చి లిఫ్టు కోసం నిలబడినప్పుడే ఫోన్‌లో ఉద్యోగాల యాప్ తెరుస్తుంది. ఎగ్జిట్ ఇంటర్వ్యూలో కారణం అడిగితే ‘మెరుగైన అవకాశం’ అని రాస్తుంది. హెచ్ఆర్ విభాగం దాన్ని జీతం ఖాతాలో వేసుకుంటుంది.

ధవన్ పులికాట్ సరస్సు దగ్గర పక్షులు ఎగిరే తీరును గమనిస్తూ ఉండేవారు. 1991లో ఆ విషయం మీద పుస్తకం కూడా వెలువరించారు. 2002 జనవరి 3న బెంగళూరులో కన్నుమూశారు. ఆయన కింద పనిచేసినవారు పదవుల్లోకి, ప్రయోగశాలల్లోకి, ఒకరు రాష్ట్రపతి భవన్‌లోకి వెళ్లారు. వాళ్లలో ఎవరూ తాను ధవన్ దగ్గర బాండ్ వల్ల ఉన్నానని చెప్పలేదు.

ఈ ఉపన్యాసం చదువుతున్న, వింటున్న వారిలో ఎందరి కిందో పదిమందో ఇరవై మందో కుర్రాళ్లు పనిచేస్తుంటారు. వచ్చే క్వార్టర్ సమీక్షలో జట్టులో అందరికన్నా చిన్నవారు చేసిన పనిని వాళ్ల నోటితోనే క్లయింటుకు, డైరెక్టర్‌కు చెప్పనివ్వండి. పక్కన కూర్చోండి, మధ్యలో అందుకోవద్దు. వాళ్ల వల్ల ఏదైనా విరిగితే పైకి వెళ్లే మెయిల్ మీ పేరుతో రాయండి. తలుపు వేసుకున్నాక ఎక్కడ విరిగిందో వాళ్లతో కలిసి వెతకండి. ఎవరి సర్టిఫికెట్లయినా మీ బీరువాలో ఉంటే రేపు ఉదయమే వాళ్ల చేతికి ఇచ్చేయండి.